మరదలి లెక్క

మార్చి 2, సోమవారం

బావ కోచ్‌గా ఉన్న టీమ్ ఇవాళ కూడా ఓడింది. ఓడడమంటే మామూలుగా కాదు, చిత్తుచిత్తుగా. మా బాస్కెట్‌బాల్ క్లబ్బు ఆఫీసులో టీవీ ముందు కూర్చుని ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. మా ప్రెసిడెంటు పెద్దాయన పక్క గదిలోంచి తొంగిచూసి, "అది మన ఆట కాదు కదమ్మా?" అన్నాడు. "కాదండీ. మన ఆటకంటే బాగుంది" అన్నాను.

ఈ ఓటమితో లీగులో అడుగునుంచి రెండో స్థానం వాళ్లది, మూడోది మాది. డ్రాఫ్టు రోజున కాలేజీ అమ్మాయిలను ఎంచుకునే వరసా అదే. ముందు అట్టడుగు క్లబ్బు, తర్వాత బావ, ఆ తర్వాత మేము. అట్టడుగు వాళ్లు ఎవరిని తీసుకుంటారో అందరికీ తెలుసు, వాళ్ల ఊళ్లో పెరిగిన పిల్లనే. అసలు ఎంపిక బావది. అతని వెనకే నేను నిలబడి ఉంటాను. వీపు కనబడుతూ ఉంటుంది.

ఇది పగ కాదు. ముందే రాసిపెట్టుకుంటున్నాను. ఎవరిని ఎంచుకోవాలో లెక్కగట్టి చెప్పడం నా ఉద్యోగం.

మార్చి 4

సరే, కొంచెం పగే.

మార్చి 8, ఆదివారం

అక్క భోజనానికి పిలిచింది. వెళ్లకపోతే ఏడుస్తుంది, వెళితే నాకు ఏడుపొస్తుంది. వెళ్లాను.

బావ హాల్లో సోఫా మీద కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. "ఏం మరదలా, మీ ముసలాయన జీతమిస్తున్నాడా, దీవెనలతో సరిపెడుతున్నాడా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. పళ్లు కొరుకుతూ నవ్వడం నాకు బాగా అలవాటైంది.

బల్ల మీద అతని ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. అందులో నా పట్టిక. నా రంగులతో సహా, ఎర్రగడి, పచ్చగడి. వేసిన పాయింట్లు, పట్టిన రీబౌండ్లు, ఇచ్చిన పాసులు, లాక్కున్న బంతులు కూడి, తప్పిన షాట్లు, పోగొట్టిన బంతులు తీసేసి, ఆడిన నిమిషాలతో భాగిస్తే వచ్చే ఎఫిషెన్సీ నంబరు. మోకాలు పోయి ఆట మానేశాక, మంచం మీద పడుకుని నేను తయారుచేసుకున్న లెక్క అది. నన్ను గెంటేసి రెండేళ్లవుతున్నా నా లెక్కను మాత్రం గెంటలేదు మహానుభావుడు.

గెలిచినన్నాళ్లూ అది 'మా క్లబ్బు పద్ధతి'. పేపర్లలో బావ ఫొటో, పక్కన బావ మాటలు. ఒక్క ఎంపిక బెడిసికొట్టేసరికి అది 'మరదలి లెక్క' అయిపోయింది. కమిటీ గదిలో, అందరి ముందు, నేను అక్కడే ఉండగా, "ఇంట్లో మనిషి కదా అని మొహమాటపడి ఉంచానండీ. నా పొరపాటల్లా అదే" అన్నాడు. లెక్క తప్పిందని అంటే పడేదాన్ని. నన్ను దయతలచి పెట్టుకున్నట్టు చెప్పాడు. ఆ క్లబ్బుకు ఆడి మోకాలు పోగొట్టుకున్నది నేను! ఆ రోజు అక్క ఏమందంటే, "పోనీలేవే, ఇంట్లో ఒకరి ఉద్యోగమైనా నిలబడింది కదా" అంది.

అక్క మీద కోపం లేదు. అక్క మీద నాకు ఎప్పుడూ కోపం రాదు.

ఇవాళ వంటింట్లో అక్క చెవిలో చెప్పింది. ఈసారి తీసుకునే అమ్మాయి కూడా తేలిపోతే బావను పంపించేస్తామని కమిటీ తేల్చి చెప్పిందట. "ఎవరికీ చెప్పకే" అంది. నేనెందుకు చెబుతాను? మిఠాయి దొరికిన పిల్లలా చెప్పకుండా దాచుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

మార్చి 15, ఆదివారం

దొరికింది.

వారమంతా కాలేజీ మ్యాచ్‌ల రికార్డింగులు చూశాను. బావకు మిగిలేది ఇద్దరే. ఒకామె చాలా పొడుగు, చేతులు ఇంకా పొడుగు. నేను నిచ్చెన అని పెట్టుకున్నాను. రెండో ఆమె పొట్టిది, నిలిచిన చోట నిలవదు, బొంగరం.

నా లెక్క ప్రకారం నిచ్చెన నంబరు అందరికంటే పైన ఉంది. బొంగరం ఎక్కడో కింద, పదిమంది తర్వాత. బావ పట్టికలో ఇదే కనబడుతూ ఉంటుంది.

కానీ నా లెక్కకు ఒక గుడ్డికన్ను ఉంది. ఎన్ని పాయింట్లు వేసిందో చూస్తుంది కానీ, ఎప్పుడు వేసిందో, ఎవరిమీద వేసిందో చూడదు. నిచ్చెన కాలేజీది మహా బలమైన టీమ్. సగం ఆటకే ఇరవై, ముప్పై పాయింట్లు ముందుంటారు. అవతలివాళ్లు చేతులెత్తేసి, బెంచీ మీద వాళ్లను దింపాక ఈ పిల్ల విజృంభిస్తుంది. ఆట బిగిసిందా, ఆమె కోచే ఆమెను వెనక్కి పిలిచి కూర్చోబెడతాడు. గెలిచేసిన ఆటలో పోగేసుకున్న నంబరది. ఇక బొంగరం పాయింట్లు వేయదు, వేయిస్తుంది. ఆమె దిగితే టీమ్ లేస్తుంది, కూర్చుంటే పడుతుంది. అది నా పాత పట్టికలో ఏ గడిలోనూ రాదు. ఇక్కడికొచ్చాక నేను చేసుకున్న కొత్త లెక్కలో వస్తుంది.

బావకు ఆ పట్టికను వాడడమే తెలుసు. మూత తీసి లోపల చూడడం ఏనాడూ నేర్చుకోలేదు, దానికి నేనుండేదాన్ని కదా.

కుక్క కాటుకు చెప్పు దెబ్బ. ఆ చెప్పు కూడా నాదే.

మార్చి 16

ఇవాళ పెద్దాయనతో చెప్పాను. "మనకు ఆ పొట్టిపిల్ల దొరుకుతుందండీ. బావ పొడుగమ్మాయినే తీసుకుంటాడు." "అంత ఖాయంగా ఎలా చెబుతున్నావమ్మా?" అన్నాడు. "ఆయన్ని చదువుకున్నానండీ" అన్నాను.

మార్చి 19

కొంప మునిగేలా ఉంది. బావ వరసగా రెండుసార్లు బొంగరం ఆట చూడడానికి వెళ్లాడట. అతని అసిస్టెంటు కోచ్ బొంగరాన్నే తీసుకోమని చెవిలో జోరీగలా రొద పెడుతున్నాడట.

మొదటిసారి ఎవరి మాటో వింటున్నాడు. వినడానికి ఇప్పుడే దొరికిందా వీడికి!

మార్చి 21, శనివారం

ట్రయల్స్. అన్ని క్లబ్బులవాళ్లూ ఒకే హాల్లో చేరి, అమ్మాయిల ఎత్తులు కొలిచి, పరిగెత్తించి, ఎగిరించి చూసే రోజు. నేను మెట్ల మీద మోకాలికి పట్టీ బిగించుకుంటుంటే నిచ్చెన వచ్చి పక్కన నిలబడింది. ఎండకు అడ్డంగా తలుపు వేసినట్టయింది.

"మేడమ్, ఎఫిషెన్సీ లెక్క కనిపెట్టింది మీరేనట కదా?"

"ఎవరు చెప్పారు?"

"మా కోచ్. మీరు పెద్ద ప్లేయరట కూడా." కాసేపు బూటు లేసు వంక చూసింది. "నా నంబరు అందరికంటే ఎక్కువట మేడమ్. నాకు మాత్రం... టైట్ మ్యాచ్‌లలో మా కోచ్ నన్ను తీసేస్తాడు. ఎందుకో అడిగితే చెప్పడు. రెండో పిక్‌లోనే వెళితే స్టార్టింగ్‌లో ఆడాలి, తట్టుకోగలనా అని భయంగా ఉంది. కావాలంటే ఈ ఏడాది పేరు వెనక్కి తీసుకుని, ఇంకో సంవత్సరం కాలేజీలోనే ఆడొచ్చు. మీరేమంటారు?"

అయ్యో, తన ఆట తనకు తెలిసిన పిల్ల. ఇలాంటివాళ్లు వందమందిలో ఒకరు కూడా ఉండరు. వెనక్కి వెళ్లి ఒక్క ఏడాది గట్టి ఆటల్లో ఆడితే బాగుపడుతుంది. అది చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పడుతుంది.

చెబితే ఆమె పేరు తీసేస్తుంది. తీసేస్తే బావకు బొంగరం తప్ప దిక్కులేదు.

"నంబరు అబద్ధం చెప్పదమ్మా. నీ మీద నువ్వు నమ్మకం పెట్టుకో" అన్నాను.

ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని థ్యాంక్స్ చెప్పింది. చేతులు చల్లగా ఉన్నాయి.

ధైర్యం చెప్పడం తప్పేమీ కాదు. ఎవరైనా అదే చెబుతారు.

మార్చి 22, ఆదివారం

అక్కకు ఫోన్ చేశాను. ఊరికే, చాలా రోజులైందని. ఆ మాటా ఈ మాటా చెప్పి, "బావ ఆ పొట్టిపిల్లను తీసుకుంటాడటగా, నిజమేనా? తీసుకోమని చెప్పవే. పొడుగమ్మాయి మాకు మిగిలితే మా పెద్దాయన ఎగిరి గంతేస్తాడు" అన్నాను. అని, వెంటనే, "అయ్యో, నోరుజారాను, బావతో అనకు సుమా" అన్నాను.

"ఛ, నేనెందుకంటాను?" అంది అక్క.

మా అక్క నోట్లో నువ్వుగింజ నానదు. నేను చిన్నప్పటినుంచీ ఆ నోటితోనే పెరిగాను.

అక్కను వాడుకున్నట్టు కాదు. నేను అనవద్దనే చెప్పాను.

ఏప్రిల్ 5, ఆదివారం

డ్రాఫ్టు.

వేదిక మీద మైకు ముందు బావ. కొత్త కోటు, అక్క కొన్నదే అయ్యుంటుంది. కాగితం విప్పి నిచ్చెన పేరు చదివాడు. చదువుతూ నావైపు చూసి కన్నుగీటాడు. నా నోటి దగ్గర ముద్ద లాక్కున్నానని అతని సంబరం! నేను మొహం వేలాడేసుకుని కూర్చున్నాను. నా జన్మలో అంత బాగా నటించలేదు.

తర్వాత పెద్దాయన బొంగరం పేరు చదివాడు. హాల్లో ఎవరూ పెద్దగా చప్పట్లు కొట్టలేదు. ఏం పరవాలేదు.

బయట నిచ్చెన వాళ్ల అమ్మతో ఫొటోలు దిగుతోంది. నన్ను చూసి దూరంనుంచే చెయ్యి ఊపింది. నేను కారు తాళాలు వెతుక్కున్నాను.

అక్టోబర్ 31, శనివారం

సీజను మొదలయ్యాక ఇక్కడ ఏమీ రాయలేదు. సుఖంగా ఉన్నవాళ్లు డైరీ రాయరు.

మేము ఆరు గెలిచాం. బొంగరాన్ని చూడడానికి జనం టికెట్లు కొంటున్నారు. బావ టీమ్ ఒక్కటీ గెలవలేదు. నిచ్చెనను మొదటి నిమిషంనుంచే దింపుతున్నాడు. లీగులో గట్టి మనుషులు ఆమెను నెట్టేస్తున్నారు, బంతి చేతికి రాగానే ఇద్దరు మీద పడుతున్నారు. నిన్న రెండో సగంలో సొంత అభిమానులే ఆమె బంతి ముట్టుకున్నప్పుడల్లా 'హో' అని గోల చేశారు.

ఆ గోల బావ గురించి. అలాగే విన్నాను నేను.

నవంబర్ 22

మళ్లీ ఓడాడు. హాయి.

డిసెంబర్ 13, ఆదివారం

ఈ రోజు కోసమే బతికాను. అంతా రాయాలి.

అక్క రమ్మంది. వెళ్లేసరికి కళ్లు వాచి ఉన్నాయి. "మీ బావ సరిగ్గా తినడం లేదే, పడుకోవడం లేదు. శుక్రవారం కమిటీ పిలిచింది. తీసేస్తారేమో. ఈ వయసులో మళ్లీ ఎవరిస్తారు ఉద్యోగం?" అంది. నేను ఆమె వీపు నిమిరాను. ఆ చెయ్యి అక్క మీద జాలితోనే నిమిరింది, లోపల మాత్రం డప్పులు మోగుతున్నాయి.

అక్కడితో లేచి వచ్చేస్తే పోయేది. బావ హాల్లోంచి కేకేశాడు. "ఏం మరదలా! నీ లెక్క మళ్లీ ముంచింది కదా నన్ను!"

మళ్లీ! మళ్లీ నా లెక్క!

వంటింట్లోంచి ఎలా వచ్చానో తెలియదు. అతని ఎదురుగా నిలబడి ఉన్నాను. "ముంచింది నా లెక్క కాదు బావగారూ, దాన్ని చదవడం రాని మీ బుర్ర" అన్నాను. ఇక ఆగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, మొత్తం విప్పి చెప్పాను. ఆ పిల్ల నంబరు ఎక్కడినుంచి వచ్చిందో, ఏయే మ్యాచ్‌లలో ఎంత ముందున్నాక పాయింట్లు వేసిందో, ఆట బిగిస్తే వాళ్ల కోచే ఆమెను ఎలా కూర్చోబెట్టేవాడో, అంతా. అతని ల్యాప్‌టాప్‌లోనే రికార్డింగులు పెట్టి చూపించాను. "ఇవి అందరికీ దొరికేవే. తీరిగ్గా కూర్చుని చూస్తే మీకూ కనబడేది. నేను మార్చిలోనే చూశాను" అన్నాను.

"మార్చిలోనే?" అంది అక్క, గుమ్మంలోంచి.

నేను వినిపించుకోలేదు. బావ మొహం చూస్తున్నాను. తెల్లగా పాలిపోయింది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. రెండేళ్లుగా నేను ఊహించుకున్న మొహమే అది, అచ్చం. మధ్యలో ఒక్కసారి మాత్రం, "ఆగాగు. ఎంత తేడా ఉన్నప్పుడన్నావు?" అని అడిగాడు. మళ్లీ చెప్పాను. బుర్రకెక్కేలా నెమ్మదిగా, ఒకటికి రెండుసార్లు చెప్పాను.

నేను బయల్దేరుతుంటే లేచి గుమ్మందాకా వచ్చాడు. ఎప్పుడూ రాడు.

ఆకలి దంచేసింది. ఇంటికొచ్చి కడుపు నిండా తిన్నాను.

డిసెంబర్ 18, శుక్రవారం

ఇవాళే కమిటీ. ఆఫీసులో కూర్చున్నాను కానీ ఏ పనీ సాగలేదు.

మధ్యాహ్నం అక్క ఫోన్. ఏడుస్తోంది. అయిపోయాడనుకున్నాను.

"ఉద్యోగం నిలబడిందే! ఇంకో రెండేళ్లు పొడిగించారు కూడా! నీ నోరు చల్లగుండ, నువ్వు ఆ రోజు వచ్చి అరవకపోతే ఏమయ్యేవాళ్లమో!"

"ఏమైంది?" అన్నాను.

"నువ్వు చెప్పినవన్నీ మీ బావ కమిటీ ముందు పెట్టాడట. ఆ అమ్మాయి, వాళ్ల కోచ్ కలిసి గెలిచిన ఆటల్లో నంబర్లు పోగేసి క్లబ్బుల కళ్లకు గంతలు కట్టారని, తనే కూర్చుని రికార్డింగులన్నీ చూసి పట్టుకున్నానని చెప్పాడట. వాళ్లంతా నోరెళ్లబెట్టారట! ఆ పిల్లను పంపించేశారు. కొత్త లెక్క పెడతానన్నాడట, ఏ పాయింటు ఎప్పుడు పడిందో చూసే లెక్క."

"అది కూడా నా..." అన్నాను.

"నీదే కదే! నీ పేరు చెప్పమన్నాను. వేరే క్లబ్బు మనిషి పేరు కమిటీలో ఎలా చెబుతానన్నాడు. అదీ నిజమే కదా?" ముక్కు చీదుకుంది. "నువ్వు మార్చిలోనే చూశానన్నావు. నాకు ఫోన్ చేసి, పొడుగమ్మాయి మీకు మిగిలితే బాగుండునన్నదీ మార్చిలోనే. నేనేం అడగనులే. కొంప నిలబడింది, నాకదే చాలు."

నోరా, వీపుకు దెబ్బలు తేకే అంటారు. నా నోరు తెచ్చిన దెబ్బలు నా వీపున పడినా బాగుండేది.

డిసెంబర్ 19

పేపర్లో వచ్చింది. 'అబద్ధపు నంబరు' అని పెద్దక్షరాలు. బావ ఫొటో. కింద చిన్నగా ఆ పిల్ల ఫొటో, కాలేజీ నాటిది.

ఆ పిల్ల ఎవరినీ మోసం చేయలేదు. దింపినప్పుడు ఆడింది, కూర్చోమన్నప్పుడు కూర్చుంది. నాకు తెలుసు.

డిసెంబర్ 21

చంపేస్తాను వాణ్ని.

డిసెంబర్ 28, సోమవారం

పెద్దాయనను ఒప్పించాను. మొదట, "ఆ అబద్ధపు నంబరు పిల్ల మనకెందుకమ్మా?" అన్నాడు. కొసరుకొసరుగా ఆడిస్తే బాగా పనికొస్తుందని, బొంగరం పక్కనైతే ఆమెకు మంచి బంతులు అందుతాయని, ఏడాదిలో గట్టిపడుతుందని గంటసేపు చెప్పాను. అన్నీ నిజాలే. చివరికి, "నీ మాట మీద తీసుకుంటున్నాను" అన్నాడు.

ఇది జాలి కాదు. వచ్చే నెలలో బావ టీమ్‌తో మాకు ఆట ఉంది. ఆ ఆటలో నిచ్చెనను దింపిస్తాను. బావ కళ్లముందు, ఆ కమిటీ కళ్లముందు ఆ పిల్ల ఆడుతుంది. అప్పుడు చెప్పమనాలి ఏది అబద్ధపు నంబరో. ఆలోచిస్తుంటే ఒళ్లు పులకరిస్తోంది.

జనవరి 4, సోమవారం

వచ్చింది. ఆఫీసులో నా బల్లకు ఎదురుగా కూర్చుంది. ఆ కుర్చీలో మోకాళ్లు ఎటు పెట్టుకోవాలో తెలియక పక్కకు తిప్పుకుంది. చిక్కిపోయింది. కాంట్రాక్టు కాగితాలు ముందుకు జరిపాను. చూడలేదు.

"ఆయన మీ బావగారట కదా మేడమ్."

"అవును."

"అక్కడ చేరాక తెలిసింది. మీ అక్కగారు మమ్మల్నందరినీ ఒకసారి ఇంటికి పిలిచారు. గోడ మీద మీ ఫొటో చూశాను. ఇద్దరికీ మాటల్లేవేమో అనుకున్నాను. మా చెల్లి ఆదివారం వచ్చి వెళుతుందని మీ అక్కగారే చెప్పారు."

కాగితాల పక్కన పెన్ను పెట్టాను.

"నన్ను పంపించే ముందు సార్ గదిలోకి పిలిచి అన్నీ వివరించారు. ఏ మ్యాచ్‌లో ఎంత తేడా ఉండగా ఎన్ని వేశానో. ఆయన ఎప్పుడూ అంత వివరంగా మాట్లాడరు మేడమ్. ఎవరో చెప్పింది వల్లెవేసినట్టుంది." తలెత్తి చూసింది. "ట్రయల్స్ రోజు మిమ్మల్ని అడిగాను. అప్పటికే మీకు తెలుసా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతటదే కాగితాల మీదకు పోయింది. వాటిని సర్దాను. సర్దినవే మళ్లీ సర్దాను.

"నీ మీద పడ్డ మాటంతా మీ సార్ చేసిందే. నీకు అన్యాయం చేసింది అతను. ఇక్కడ నీకు చోటుంది. ఈ నెలలోనే వాళ్లతో ఆట. అప్పుడు చూపిద్దాం" అన్నాను.

"ఎవరికి మేడమ్?"

"అందరికీ. మీ సార్‌కి."

ఆ పిల్ల లేచింది. లేస్తూనే ఉంది, ఎంతసేపో.

"నేను ఆడడానికి వచ్చానండీ ఈ లీగుకి. మీ బావగారూ మీరూ తేల్చుకోవడానికి కాదు. మళ్లీ కాలేజీకి వెళ్లే వీల్లేదు, ఒకసారి డ్రాఫ్టులోకి వస్తే తీసుకోరట. ఆ రోజు మీరు ఆగమని ఉంటే ఆగేదాన్ని." తలుపు దగ్గర తల వంచింది, పైన తగలకుండా. "తెలుసా అని అడిగాను. దానికి మీరు ఇంకా చెప్పలేదు."

తర్వాత వెళ్లిపోయింది. మెట్లు దిగుతున్న చప్పుడు కిందిదాకా వినబడింది.

దారి పొడుగునా బావను తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. తలుపు తీసి లోపలికొచ్చి, బూట్లు విప్పుతూ తిట్టాను. దొంగ అన్నాను, పిరికివాడు అన్నాను, ఆడపిల్ల బతుకు మీద నిలబడి ఉద్యోగం నిలుపుకున్నవాడన్నాను. ఇంకేం మిగల్లేదు తిట్టడానికి.

ఆ పిల్ల అడిగింది అతణ్ని కాదు.